ఆరింటి దాకా మైకు లేదు: మా ఊరి ఈస్టర్ వేకువ ఆరాధన

మా ఊరి సంఘాలన్నీ కలిసి ఈస్టర్ తెల్లవారుజామున హైస్కూలు గ్రౌండులో ఆరాధన చేయడం చాలా ఏళ్ల నుంచి ఉన్నదే. మేం సన్‌రైజ్ సర్వీస్ అంటాం, పెద్దవాళ్లు వేకువ ఆరాధన అంటారు. 2024లో దాని కాగితాల పనంతా నా నెత్తిన పడింది. తహసీల్దార్ ఆఫీసు ఎదుట నాకు జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. ఫిబ్రవరి చివర్లో పాస్టర్స్ ఫెలోషిప్ వాళ్లు మీటింగుకు పిలిచి, "అప్లికేషన్లు నీకు కొట్టిన పిండి కదమ్మా, ఈసారి సెక్రటరీగా నువ్వుండు" అన్నారు. అంతకుముందు ఆ కమిటీలో ఆడమనిషి ఉన్నట్టు నాకు గుర్తు లేదు. మీటింగులకు టీ పోయడానికి మాత్రం మేమే. సరే అన్నాను.

మాది ఒంగోలుకు దగ్గర్లో ఒక మండల కేంద్రం. ఊరు చిన్నదే కానీ సంఘాలకు లోటు లేదు. మిషను కాలం నాటి బాప్టిస్టు చర్చి ఉంది, నేను ఆ చర్చి సభ్యురాలినే. లూథరన్ సంఘం, సాల్వేషన్ ఆర్మీ, రెండు పెంతెకోస్తు మందిరాలు, హెబ్రోను సహవాసం ఉన్నాయి. ఇవి కాక రేకుల షెడ్లలో నడిచే ఇండిపెండెంట్ సంఘాలు ఎన్నో. ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ క్యాథలిక్కులు, శనివారం రాత్రే పాస్కా జాగరణ అనే ఈస్టర్ ఆరాధన చేసుకుంటారు కాబట్టి ఫాదర్ గారు వీలైతే వస్తారు. వీళ్లంతా ఒకచోట కూర్చునేది ఏడాదికి రెండుసార్లే, డిసెంబరులో పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌కి ఒకసారి, ఈస్టర్ వేకువన ఒకసారి. గుడ్ ఫ్రైడే ఏడు మాటలు, అంటే సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు, కూడా ఒకప్పుడు కలిసే చేసేవాళ్లు. ఏ మాట మీద ఎవరు మాట్లాడాలనే దగ్గర పేచీలొచ్చి అది ఆగిపోయింది. నాలుగో మాట అందరికీ కావాలి, ఐదో మాట ఎవరికీ వద్దు. నలభై నిమిషాలు మాట్లాడటానికి "దప్పిక" సరిపోదని వాళ్ల బాధ.

ఆ ఏడు ఈస్టర్ మార్చి 31న వచ్చింది. మామూలు ఏడాదైతే ఒక అర్జీ స్టేషన్లో, ఒకటి స్కూల్లో ఇస్తే అయిపోయేది. కానీ మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. మే 13న అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేసారి పోలింగు. అంటే ఎన్నికల కోడ్ మొదలైపోయింది. అదే సమయంలో పదో తరగతి పరీక్షలు, మా హైస్కూలు పరీక్షా కేంద్రం. పైగా రంజాన్ నెల. నా పని మొత్తం ఈ మూడింటి మధ్యే నడిచింది.

మొదట గ్రౌండు. హెడ్మాస్టరు గారు మంచివారే. పరీక్షలు పూర్తయ్యేదాకా కాంపౌండులో కర్ర కూడా పాతనివ్వనని చెప్పేశారు. "30వ తేదీ మధ్యాహ్నం జవాబు పత్రాలు సీలు వేసి పంపేశాక తాళాలు మీకిస్తాను. ఆదివారం పది గంటలకల్లా నాకు గ్రౌండు ఖాళీగా, చెత్త లేకుండా కావాలి." నోటిమాట కాకుండా కాగితం మీద రాసివ్వమని అడిగాను. ఇచ్చారు. ఆ కాగితం లేకపోతే పోలీసులు మన అర్జీ తీసుకోరు. స్థలం ఎవరిదైతే వాళ్ల ఒప్పుదల ముందు ఉండాలి. అడిగితే తప్ప ఈ సంగతి ఎవరూ మనకు చెప్పరు.

తర్వాత స్టేషన్. మైకు పర్మిషన్‌కి అర్జీలో తేదీ, సమయం, ఎంతమంది వస్తారు, ఎన్ని బాక్సులు, ఎవరు మాట్లాడతారు, బాధ్యత ఎవరిది, ఫోన్ నంబర్లు అన్నీ రాయాలి. పాత ఫైల్లో ఉన్న నమూనా చూసి "ఉదయం 4 గం. నుండి 8 గం. వరకు" అని టైపు చేశాను. ఎస్సై గారు ఆ లైను మీద పెన్ను పెట్టి ఆగారు.

"నాలుగు నుంచా? మైకు ఆరింటికమ్మా."

"ప్రతి ఏడూ నాలుగింటికే సార్."

"ప్రతి ఏడూ నేను లేను కదమ్మా."

2000 సంవత్సరంలో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల కాపీ తీసి చూపించారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. ఎన్నికలున్నా లేకపోయినా అది ఎప్పుడూ ఉన్న కట్టుబాటే, 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా ఖరారు చేసింది. పండుగలకు సడలింపు ఉంటుందేమోనని అడిగాను. ఉంది కానీ మనకు పనికొచ్చేది కాదు. ఏడాదికి 15 రోజులు మించకుండా రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు, అదీ రాత్రి 10 నుంచి 12 దాకానే. తెల్లవారుజాము ఊసే లేదు. "మీరు కూర్చోండి, పాడుకోండి, ప్రార్థన చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మైకు మాత్రం ఆరింటికి" అన్నారు. ఎన్నికల సమయం కాబట్టి తనమీదా కళ్లున్నాయని నవ్వుతూనే చెప్పారు. ఆయన తీరు నాకు తప్పుగా అనిపించలేదు, మా కమిటీ అలా అనుకోదని మాత్రం నాకు తెలుసు.

ఎన్నికల కోడ్ బృందం దగ్గర పని ఇంకో రకం. ప్రార్థనా స్థలాల్లో ఓట్లు అడగకూడదన్నది అందరికీ తెలిసిందే. మా సభలో రాజకీయ ప్రసంగాలు ఉండవని, పార్టీ జెండాలు, కండువాలు, నాయకుల ఫొటోలతో బ్యానర్లు ఉండవని హామీపత్రం రాసిచ్చాను. అయినా అక్కడి ఉద్యోగి ఒక ప్రశ్న దగ్గర కదలలేదు. "ఆరాధన అయ్యాక టిఫిన్ ఉందా? ఎవరు పెడుతున్నారు?"

ప్రతి ఏడూ టిఫిన్ ఖర్చు ఊళ్లో ఒక నాయకుడు పెట్టుకునేవారు. ఈసారి అదే చేస్తే ఓటర్లకు ప్రలోభం కిందకి వస్తుందట. ఆలోచిస్తే నిజమే. వందలమందికి ఎన్నికల ముందు ఉప్మా పెట్టించి, "ఫలానా వారి సౌజన్యం" అని మైకులో చెబితే దాన్ని ఇంకేమంటారు? సంఘాలే తలా కొంత వేసుకుంటాయని, రవ్వ, నూనె, గ్యాసు బిల్లులన్నీ నా దగ్గర ఉంటాయని రాసిచ్చాను. చందా డబ్బు పట్టుకు తిరగడానికి కూడా భయమే. 50,000 రూపాయలు దాటిన నగదుకు లెక్క చూపకపోతే చెక్‌పోస్టు దగ్గర పట్టుకుంటారు. మాకు అంత పోగయ్యే ప్రమాదమేమీ లేదనుకోండి. అయినా సంఘానికొక రసీదు చొప్పున ఇచ్చి, వచ్చింది వచ్చినట్టు బ్యాంకులో వేశాను.

ఇక కమిటీ మీటింగు. మైకు సంగతి చెప్పగానే గొడవ మొదలైంది. మైకు లేకుండా సభేమిటి, జనం వెనక్కి పోతారు, మనమంటే చులకన కాబట్టే ఇలా చేస్తున్నారు అని ఒకరు. ఆరింటికే మొదలుపెడదామని ఇంకొకరు. ఆరింటికి మొదలుపెడితే అది వేకువ ఆరాధన ఎలా అవుతుందని మరొకరు. చీకటి ఉండగానే యేసు సమాధి దగ్గరికి వెళ్లారని సువార్తలో ఉంటే, ఎండెక్కాక వెళ్లి ఏం చేస్తాం? చిన్న బాక్సు ఒకటి పెట్టి తక్కువ సౌండులో కానిచ్చేద్దాం, ఎవరికి తెలుస్తుంది అని ఒక యువ పాస్టరు గారు. అర్జీ మీద సంతకం నాది, ఫోన్ నంబరు నాది. అది కుదరదని చెప్పాను.

అప్పుడు మా సంఘంలో పెద్దాయన, రిటైర్డ్ హెడ్మాస్టరు, గొంతు సవరించుకున్నారు. ఆయన లేచారంటే చరిత్ర తప్పదని అందరికీ తెలుసు. "1854 జనవరి 1న, తెల్లవారుజామున, అమెరికా మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఐదుగురు. వాళ్లకు ఏ మైకు ఉంది?"

"ఐదుగురికి మైకెందుకు సార్? మనకు వెయ్యిమంది వస్తారు."

పెద్దాయన ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నారు. "1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. మిషనరీ క్లౌ దొరగారు గట్టుమీద ఉన్నారు, మన తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి ఇచ్చారు. అక్కడ ఎవరు హలో హలో అన్నారు?"

పెంతెకోస్తు అయ్యగారు కూడా నవ్వేశారు. నిజానికి ఆ లెక్కలు మా బాప్టిస్టుల గొప్ప కోసం చెబుతుంటారు, మిగతా సంఘాల వాళ్లకు విని విని విసుగు. ఆ రోజు మాత్రం పని చేశాయి. ఆరాధన నాలుగుంబావుకు మొదలుపెట్టాలని, ఆరింటి దాకా గొంతులతోనే నడపాలని, ఆరింటికి మైకు పెట్టి వాక్యం, ముగింపు ప్రార్థన కానివ్వాలని తేలింది. నాలుగుంబావు ఎందుకంటే సమాధుల తోట. మేము, లూథరన్ వాళ్లు ఈస్టర్ వేకువన ముందు సమాధుల తోటకు వెళ్లి, చనిపోయిన మా వాళ్ల సమాధుల మీద పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. పెంతెకోస్తు వాళ్లకు అది నచ్చదు. చనిపోయినవాళ్ల దగ్గర కొవ్వొత్తులేమిటి అంటారు. అందుకని ఇష్టమున్నవాళ్లు మూడున్నరకల్లా వెళ్లి వచ్చేయాలి, గ్రౌండులో మాత్రం ఆ మాట ఎత్తకూడదు.

అసలు తగాదా ఆ తర్వాత వచ్చింది, స్టేజీ మీద ఎవరు అని. కుర్చీలెన్ని, మధ్యలో ఎవరు, ఆరంభ ప్రార్థన ఎవరిది, కరపత్రంలో పేర్లు ఏ వరసలో అని గంట పట్టింది. సాల్వేషన్ ఆర్మీ ఆఫీసరమ్మ గారితో ఒక ప్రార్థన చేయిద్దామని నేనన్నాను. వాళ్ల దగ్గర ఆడవాళ్లు ఆఫీసర్లుగా, అంటే పాస్టర్లుగా, ఉండటం మొదట్నుంచీ మామూలే. హెబ్రోను పెద్దలు తల దించుకుని, "మా వాళ్లు ఒప్పుకోరమ్మా, స్టేజీ మీద స్త్రీలు వద్దు" అన్నారు. మర్యాదగానే అన్నారు, కానీ కదలలేదు. ప్రభురాత్రి భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం, కలిపి తీసుకోవడమైతే ఎవరూ ఎత్తలేదు. ఎవరి బల్ల వారి చర్చిలోనే. ఇన్నేళ్లుగా ఐక్య ఆరాధన అని బ్యానర్ కడుతున్నాం, రొట్టె మాత్రం ఏనాడూ కలిసి విరవలేదు.

శనివారం మధ్యాహ్నం తాళాలు చేతికొచ్చాయి. ఎండ మండిపోతోంది. గ్రౌండు నిండా పరీక్ష రాసిన పిల్లలు చింపి పారేసిన కాగితాలు, వాటర్ ప్యాకెట్లు. యూత్ వాళ్లు ఊడ్చారు. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లించాం. కరువు ఏడాది కావడంతో ట్యాంకరు ధర కూడా మండిపోయింది. పొలం ఉన్న ఒకాయన సగం ధరకే ఇచ్చారు. ఆడవాళ్ల బాత్రూములు తెరిపించి కడిగించి, అక్కడ ఒక లైటు పెట్టించాను. మునుపటి సభల్లో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు, మేం చీకట్లో గోడ వెనక్కి వెళ్లేవాళ్లం. షామియానా వేయలేదు, తెల్లవారుజామున అవసరం లేదు. పట్టాలు పరిచి, ముసలివాళ్లకు ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. ట్యూబులైట్లు నాలుగు మూలలా కట్టాం. సౌండు కుర్రాడు బాక్సులు దించి, ఆసుపత్రి వైపు కాకుండా తిప్పి పెట్టి, "ఆరింటి దాకా నేను నిద్రపోవచ్చా అక్కా?" అన్నాడు.

టీ గురించి నాకు బెంగ ఉండేది. తెల్లవారుజామున మూడింటికి పాలు ఎవరు కాస్తారు? షాపు పక్కన టీ కొట్టాయనను ఖాదర్ భాయి అందాం, అసలు పేరు అది కాదు. "రంజాన్ కదా చెల్లెమ్మా, సహరీకి రెండున్నరకే తెరుస్తాను" అన్నాడు. నాలుగు క్యాన్లు టీ కాచి ఆటోలో పంపాడు. రోజా, అంటే ఆ రోజు ఉపవాసం, మొదలయ్యేలోపు తన పని ముగించుకుని కొట్టు కట్టేశాడు. డబ్బులు సాయంత్రం ఇఫ్తార్ తర్వాత తీసుకున్నాడు.

నేను గ్రౌండుకు వెళ్లేసరికి నాలుగు కాలేదు. అప్పటికే పల్లెల నుంచి ట్రాక్టర్లలో, ఆటోల్లో జనం దిగుతున్నారు. తెల్ల చీరలు, తల మీద కొంగులు, చంకలో బైబిళ్లు, నిద్రమత్తు పిల్లలు. ఆకాశంలో దక్షిణాన సగానికి పైగా ఉన్న చంద్రుడు. పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారమే ఈస్టర్ కాబట్టి ఏ ఏడైనా ఆ వేకువన చంద్రుడు ఉంటాడు. ఎప్పుడూ లైట్ల హోరులో మేం తల ఎత్తి చూడలేదంతే. సమాధుల తోట నుంచి మా వాళ్లు వస్తుంటే వాళ్ల వేళ్లకు ఇంకా మైనం అంటుకునే ఉంది.

మైకు లేకుండా పాట ఎలా మొదలవుతుంది? క్వయర్ వాళ్లు ముందు వరుసలో నిలబడి అందుకున్నారు కానీ పదో వరుసకు వినబడలేదు. వెనకవాళ్లు ఒక చరణం ఆలస్యంగా పాడుతున్నారు. కీబోర్డు లేదు, ప్యాడ్స్ లేవు. ఒక డోలకు, రెండు జతల తాళాలు. అంతా గందరగోళమైపోతుందని నాకు టెన్షన్ పట్టుకుంది. అప్పుడు జనం మధ్యలోంచి ఒక ముసలమ్మ లేచి నిలబడింది. పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే మనిషి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసిన గొంతు, బొంగురుగా ఉంది, కానీ ఎంత దూరమైనా వినబడుతుంది. కొంగు నడుముకు దోపి, చెయ్యి పైకెత్తి, పాట ఒక్కో లైను చెప్పించడం మొదలుపెట్టింది. ఆమె ఒక లైను అంటుంది, అందరూ ఆ లైను పాడతారు. పుస్తకం చదవడం రానివాళ్లకు మా తాతల కాలంలో కీర్తనలు అలాగే నేర్పేవాళ్లు. అమ్మమ్మల నోట అలా విన్నాను కానీ అంతమందితో పాడటం నేనెప్పుడూ చూడలేదు. తాళాలు పట్టుకున్న కుర్రాళ్లు వచ్చి ఆమెకు రెండు పక్కలా నిలబడ్డారు. క్వయర్ మాస్టరు గారు కొంచెం సేపు ముఖం మాడ్చుకుని, తర్వాత తానూ ఆమె వెంటే పాడారు.

ఆమెను ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. స్టేజీ ఖాళీగా ఉంది. కుర్చీలు చీకట్లో వరసగా ఉన్నాయి, మైకు లేదు కాబట్టి ఎవరూ ఎక్కలేదు. పాస్టర్లంతా కింద పట్టాల మీద తమ తమ జనంతో కూర్చున్నారు. స్టేజీ మీద స్త్రీలు వద్దన్న హెబ్రోను పెద్దలు ఆమె చెప్పించిన లైన్లే కళ్లు మూసుకుని పాడుతున్నారు. నేను చూస్తున్నాను. వాళ్లకు ఆ సంగతి తోచిందో లేదో అడగలేదు.

అన్నీ అంత బాగా కుదరలేదు. యోహాను సువార్త 20వ అధ్యాయం నాలుగు మూలలా నలుగురు ఒకేసారి గట్టిగా చదవాలని అనుకున్నాం. ఒకరు శిష్యుల్ని సమాధి దగ్గరికి పరిగెత్తిస్తుంటే ఇంకొకరు అప్పటికే మరియను తోటమాలితో మాట్లాడిస్తున్నారు. మధ్యలో కూర్చున్నవాళ్లకు రెండూ కలిసి వినబడ్డాయి. ముసలివాళ్లకైతే ఏదీ వినబడలేదు, వాళ్లు ఊరికే తలూపారు. చెవులు సరిగా వినబడని ఒక తాతగారు అయిపోయాక నా దగ్గరికొచ్చి, "మా కోసమైనా మైకు పెట్టొచ్చు కదమ్మా" అన్నారు. ఆయన బాధ నిజమే, నా దగ్గర జవాబు లేదు.

ప్రార్థన సమయం మాత్రం వేరుగా నడిచింది. మామూలుగా స్టేజీ మీద ఒకరు ప్రార్థిస్తే కింద అందరూ ఆమెన్ అంటారు. ఆ రోజు ఒకరి ప్రార్థన అందరికీ వినబడే వీలు లేదు. పదిమంది పదిమందిగా తలలు దగ్గర పెట్టుకుని ప్రార్థన చేసుకోమని కమిటీ కన్వీనరు గారు గుంపుల మధ్య తిరిగి చెప్పారు. పెంతెకోస్తు వాళ్లకు అది అలవాటే, ఒక్కసారిగా గొంతులెత్తారు. మా బాప్టిస్టులు, లూథరన్లు కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేనున్న గుంపులో నా ఎదురుగా ఎవరో పల్లెటూరి అమ్మాయి ఉంది, ఏ సంఘమో తెలియదు. వర్షం కోసం, బోరులో నీళ్ల కోసం, ఆ ఏడు పొగాకుకు రేటు రావాలని, పదో తరగతి రాసిన తమ్ముడు పాస్ కావాలని, మొగుడు పార్టీ వాళ్ల వెంట తాగి తిరగడం మానాలని, ఆగకుండా ఏకబిగిన చెప్పుకుపోయింది. ఆమె చెయ్యి నా చేతిలో చెమట పట్టింది. స్టేజీ మీది ప్రార్థనల్లో దేశం, పాలకులు, ప్రపంచ శాంతి ఉంటాయి. తాగుబోతు మొగుడు ఉండడు.

ఆరు కావడానికి రెండు నిమిషాల ముందు డ్యూటీ కానిస్టేబుల్ ఫోనులో టైము చూసుకుంటూ సౌండు కుర్రాడి పక్కన నిలబడ్డాడు. ఆరయింది. తల ఊపాడు. "హలో, మైక్ టెస్టింగ్, ప్రైజ్ ది లార్డ్" అని బాక్సులు ఒక్కసారి అరిచేసరికి ముందు వరుసలో పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చారు. ఐదారు నిమిషాల్లో స్కూలు బిల్డింగు పక్కనుంచి సూర్యుడు వచ్చాడు. అందరూ లేచి "క్రీస్తు లేచెను, నిజముగా లేచెను" అన్నారు. ఆ ఒక్కటీ మైకు ఉన్నా లేకపోయినా ఒకటే.

ఆ తర్వాత స్టేజీ నిండింది. మధ్య కుర్చీ, పక్క కుర్చీ సర్దుబాట్లు, పరిచయాలు, శాలువాలు. వాక్యానికి ముందే ఎండ ముఖం మీదికి వచ్చేసింది. పెద్దవాళ్లు కొంగులు కప్పుకుని కునుకు తీశారు. ఎన్నికల వీడియో బృందం కెమెరాతో గేటు దగ్గర నిలబడింది. నేను ఎదురుచూసినట్టే ఒక పార్టీ నాయకుడు అనుచరులతో వచ్చాడు, మెడలో కండువా. గేటు దగ్గరే తీసి జేబులో పెట్టుకోమన్నాం, పెట్టుకున్నాడు. ఆయన వచ్చిన కాసేపటికే అవతలి పార్టీ ఆయనా దిగాడు. ఇద్దరికీ ముందు వరుసలో ఒకేలాంటి ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో ఫాదర్ గారిని కూర్చోబెట్టాం. చీటీ పైకి వెళ్లింది, "సార్ రెండు నిమిషాలు శుభాకాంక్షలు చెబుతారు" అని. కన్వీనరు గారు నా వైపు చూశారు. నేను హామీపత్రం కాపీ ఎత్తి చూపించాను. శుభాకాంక్షలు ఎన్నికల ప్రసంగం ఎలా అవుతుందని అనుచరులు వాదించారు. కాకపోవచ్చు, కానీ మైకు చేతికిచ్చాక ఆపేదెవరు? ఇద్దరూ మర్యాదగానే కూర్చుని, వాక్యం మధ్యలో ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు.

టిఫిన్ ఉప్మా, పల్లీ చట్నీ. స్త్రీల సమాజం వాళ్లు రెండింటి నుంచి పొయ్యిల దగ్గరే ఉన్నారు. ఆరాధనలో వాళ్లకు వినబడింది కూడా మైకు లేని పాటలేనట, గాడిపొయ్యి పక్కన గరిటె తిప్పుతూనే ముసలమ్మ లైన్లు అందుకున్నారు. పది గంటలకు గ్రౌండు అప్పజెప్పాం. హెడ్మాస్టరు గారు నడిచి చూసి, ఒక మూల మిగిలిన పేపరు ప్లేట్లు చూపించి, వాటిని కూడా తీయించాకే తాళాలు తీసుకున్నారు.

తర్వాతి వారం లెక్కలు చూసుకున్నాం. సౌండు కుర్రాడు సగం సమయమే పనిచేసినా పూర్తి డబ్బు అడిగాడు. సామాను రాత్రంతా కాపలా కాశానన్నాడు, ఇచ్చేశాం. టిఫిన్ బిల్లులు కోడ్ ఆఫీసులో చూపించి వచ్చాను, ఎవరూ పెద్దగా చూడలేదు. తర్వాతి ఏడాది సంగతి కూడా ఆ మీటింగులోనే వచ్చింది. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20. ఎన్నికలు ఉండవు. కానీ ఆ తేదీకి మా దగ్గర సూర్యుడు ఆరుకు ముందే వచ్చేస్తాడు, అంటే సూర్యోదయం కూడా మైకు లేకుండానే. ఎస్సై గారు బదిలీ అయిపోతే అర్జీలో మళ్లీ నాలుగు అని రాద్దామని యువ పాస్టరు గారు అన్నారు. మనిషి మారినా నియమం మారదని, ఆరింటికనే రాస్తానని చెప్పాను. పెద్దాయన ఈసారి స్టేజీయే వద్దన్నారు. చెవులు వినబడని వాళ్లను మధ్యలో, పాట చెప్పించేవాళ్ల దగ్గరే కూర్చోబెట్టాలని, వాక్యభాగం ఒక్కరే నాలుగు చోట్లకూ నడిచి చదవాలని రాసుకున్నాం. ఆఫీసరమ్మ గారి ప్రార్థన సంగతి నేను మళ్లీ ఎత్తాను. అది వచ్చే మీటింగులో చూద్దామన్నారు. ఆ మీటింగుకు అప్పటికింకా తేదీ పెట్టలేదు.